వేధశాల ముంగిట పెరిగిన వైను బప్పు

హైదరాబాదున అమీర్‌పేట, పంజగుట్టల రద్దీకి సమీపముననే, బేగంపేటయందు నిజామియా వేధశాల ప్రాంగణము కలదు. 1901లో నవాబు జఫర్ జంగు ఇంగ్లండునుండి కొనితెచ్చిన 15 అంగుళముల గ్రబ్ దూరదర్శని ఈ సంస్థకు ఆదిమూలము. 1908లో నిజాం ప్రభుత్వము దీనిని స్వీకరించెను. పలుదేశముల వేధశాలలు కలసి ఆకాశమంతటిని ఛాయాచిత్రములలో కూర్చ పూనుకొన్నప్పుడు, అందొక భాగము హైదరాబాదు వంతునకు వచ్చెను.

ఆ పని చూచుటకు సులభము, చేయుటకు కష్టము. కటకము అంచులయందు ప్రతిబింబమును ఒకింత ఈడ్చును. గాజుపలకమీది రసాయనపు పూత ఎండునప్పుడు ముడుచుకొనును. అందుచే పలకపై ముందుగానే సన్నని గడులను ముద్రించి, వాని ఆధారమున నక్షత్రస్థానములను సరిదిద్దుకొనెడివారు. ఆ వేధశాలలో ఉద్యోగియైన తండ్రి వెంట నుండి, వైను బప్పు బాల్యముననే దూరదర్శనిలో చూడ నేర్చెను. ఆయన 1927 ఆగస్టు 10న జన్మించెను. నిజాం కళాశాలలో చదివెను. విద్యార్థిదశలోనే కాంతి మారు నక్షత్రములను పరిశీలించి వ్యాసములు ప్రకటించెను.

హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో బప్పు అమెరికాకేగి హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను. అచ్చట ఆయన చేతికి వచ్చినది ష్మిట్ దూరదర్శని. గోళాకార దర్పణము విశాలమైన ఆకాశభాగమును చూపగలదు. కాని దాని అంచులనుండి వచ్చు కిరణములు నడిమి కిరణములు కలియు చోట కలియవు, బొమ్మ మసకబారును. 1930 ప్రాంతమున బెర్న్‌హార్డ్ ష్మిట్ అనునతడు దర్పణమునకు ముందు పలుచని గాజుఫలకము నొకదానిని, స్వల్పమైన వంపులతో మలచి, అమర్చి ఆ దోషమును తీర్చెను. ఏ దర్పణమునకు మలచిన ఫలకము ఆ దర్పణమునకే సరిపోవును. నేడు సముద్రగర్భమున చిత్రములు తీయువారు కెమెరాపెట్టె గాజుకు ముందు తగిలించు కటకముల సంగతియు ఇట్టిదే. జత కుదరనిచో మేలుకు బదులు కీడే. 1949 జూలై 2న అట్టి దూరదర్శనితో తీసిన పలకపై బప్పు క్రొత్త ధూమకేతువును గుర్తించెను. బాక్, న్యూకర్క్ అనువారి పేర్లతోపాటు ఆయన పేరును దానికి పెట్టబడెను.

1957లో ఓ.సి. విల్సన్‌తో కలసి ప్రకటించిన ఫలితము అంతకన్న గొప్పది. చల్లని నక్షత్రముల వర్ణపటమున కాల్షియపు రేఖ నడుమ కనబడు వెలుగుగీత వెడల్పును కొలిచినచో ఆ నక్షత్రపు అసలు కాంతి తెలియును. దానినుండి దూరము లెక్కింపవచ్చును.

అమెరికాలోనే నిలిచిపోవు అవకాశము లేకపోలేదు. అయినను 1953లో ఆయన స్వదేశమునకు మరలెను. నైనిటాలు వేధశాలను నెలకొల్పుటలో పాల్గొని, 1960లో కొడైకెనాలుకు అధిపతియయ్యెను. తరువాత తమిళనాడునందలి జవ్వాది కొండలలో కావలూరును ఎంచుకొనెను. అచ్చట 2.34 మీటర్ల దర్పణముగల దూరదర్శనిని నెలకొల్పవలెనన్నది ఆయన సంకల్పము. దర్పణపు గాజుదిమ్మ జర్మనీది. దానిని అరగదీసి నునుపుచేసినది బెంగుళూరు ప్రయోగశాలలో.

1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు అధ్యక్షుడైన బప్పు, 1982 ఆగస్టు 19న మ్యూనిక్ నగరమున, గుండె శస్త్రచికిత్స అనంతరము మరణించెను. తాను తలపెట్టిన దూరదర్శని పనిచేయుట ఆయన చూడలేదు. 1986 జనవరిలో దానికి ఆయన పేరు పెట్టిరి. దాని ప్రధాన నాభిలో విశాలమైన ఆకాశభాగమును చిత్రించుటకు దిద్దుబాటు కటకముల కూర్పు అమర్చబడినది.