అమీర్ అబ్దుల్ ఖాదిర్ - దమిష్క్‌లో ఆ జూలై నెల

అమీర్ అబ్దుల్ ఖాదిర్ పేరు మన పెద్దలలో చాలామంది వినే ఉంటారు. అల్జీరియాలో ఫ్రెంచివారితో పదిహేనేళ్ళు పోరాడిన వీరుడుగా ఆయన్ను చెప్పుకుంటారు. ఆ పోరాటం సంగతి క్లుప్తంగా చెప్పి, 1860లో దమిష్క్ నగరంలో, అంటే డమాస్కస్‌లో, ఆయన చేసిన పనిని కొంచెం వివరంగా వ్రాస్తాను.

ఆయన 1808లో మస్కరా పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి ముహియుద్దీన్ గారు ఖాదిరియా సిల్సిలా పీరు. తండ్రీ కొడుకులు కలిసి హజ్ చేసి వచ్చారు. 1830లో ఫ్రెంచివారు అల్జీర్స్‌ను పట్టుకున్నారు. 1832లో అక్కడి తెగలవారు కూడి యీ యువకుణ్ణి అమీరుగా ఎన్నుకున్నారు. యుద్ధంలో చిక్కిన ఖైదీలను చంపరాదని తన సైన్యానికి గట్టిగా కట్టడి చేశారాయన. తిండి పెట్టే శక్తి లేనప్పుడు ఖైదీలను ఊరికే వదిలేసిన సందర్భమూ ఉంది. ఆయన దూరాన ఉన్న సమయంలో, 1846లో, ఆయన మనుషులే కొందరు ఖైదీలను చంపిన మాట కూడా నిజమే. దాచి లాభం లేదు.

అవతలి పక్షం ఏం చేసింది? 1845లో దహ్రా కొండ గుహలలో తలదాచుకున్న ఒక తెగవారిని, ఆడవాళ్ళూ పిల్లలూ అని చూడకుండా, ఫ్రెంచి సైన్యం గుహ నోట మంటలు పెట్టి పొగతో చంపింది. చచ్చినవారు వందలమంది. యీ సంగతి గుర్తుంచుకోండి.

1847 డిసెంబరులో అమీర్ లొంగిపోయారు. తూర్పు దేశానికి పంపుతామని మాట ఇచ్చిన ఫ్రెంచివారు దాదాపు అయిదేళ్ళు తమ దేశంలోనే బందీగా పెట్టారు. 1852లో విడుదలయ్యాక బుర్సాలోను, 1855 తర్వాత దమిష్క్‌లోను కాపురం పెట్టారు. అల్జీరియా నుంచి వచ్చిన అనుచరులు కూడా చుట్టూ చేరారు. అందరూ ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్ళే.

1860 మే, జూన్ నెలల్లో లెబనాన్ కొండల్లో ద్రూజులకూ మారొనైట్ క్రైస్తవులకూ అంతర్యుద్ధం చెలరేగింది. పైకి మతం పేరున్నా, లోపల భూమి, పన్నులు, పెత్తనం తగాదాలే ఎక్కువ. జహ్లే, దైర్ అల్ ఖమర్ వంటి ఊళ్ళు పాడైపోయినాయి. ప్రాణాలు చేతబట్టుకుని వచ్చిన జనంతో దమిష్క్‌లోని చర్చీలూ ముంగిళ్ళూ నిండిపోయినాయి. ఊళ్ళో గాలి బాగా లేదని అమీర్ ముందే పసిగట్టి గవర్నరును హెచ్చరించారు. ప్రయోజనం లేకపోయింది.

జూలై 9న అల్లరిమూకలు క్రైస్తవుల పేటమీద పడినాయి. కాపాడవలసిన సిపాయిలలో కొందరు చూస్తూ ఊరుకున్నారు, కొందరు లూటీలోనే చేరారు. అమీర్ మాత్రం తన అల్జీరియా మనుషులను సందులవెంట పంపి, దొరికినవారినల్లా ఇంటికి తెప్పించారు. విదేశీ కాన్సల్‌లు కూడా ఆయన గడపలోకే వచ్చారు. ఇల్లు పట్టక జట్లు జట్లుగా కోటలోకి చేర్పించారు. మూక తలుపు దగ్గరికి వచ్చి వాళ్ళను అప్పగించమంటే అడ్డం నిలబడి పొమ్మన్నారు. ఒక్క క్రైస్తవుణ్ణి ప్రాణంతో తెచ్చి అప్పగిస్తే ఇంత అని రొక్కం కూడా ఇచ్చారు. అలా బయటపడినవారు వేలల్లో ఉన్నారు. చచ్చినవారూ వేలల్లోనే. ఆయన ఒక్కరే అనుకోవద్దు. మైదాన్ పేట ముస్లిములు కూడా తమ పొరుగువారిని కాపాడుకున్నారు.

తర్వాత ప్రపంచం కదిలింది. సుల్తాను పంపిన ఫువాద్ పాషా జూలై చివర దమిష్క్ చేరి, గవర్నరుతో సహా నూరుమందికి పైగా మరణశిక్ష వేయించారు. పారిస్‌లో పెద్ద రాజ్యాలు ఒప్పందం చేసుకుని, ఆగస్టులో ఆరువేల ఫ్రెంచి సైన్యాన్ని బీరూట్‌లో దింపినాయి. అప్పటికి చంపుకోవడాలు అయిపోయినాయి. దహ్రా గుహలు మరచిన రాజ్యమే క్రైస్తవుల రక్షణకని సముద్రం దాటి వచ్చింది. దానికి లెబనాన్‌లో పట్టు కావాలి, ఇంగ్లండుకు ఆ పట్టు చిక్కనివ్వకూడదు. అందుకే సైన్యానికి గడువు పెట్టారు. 1861 జూన్‌లో అది వెళ్ళిపోయింది. పూర్తిగా వృథా అని మాత్రం నేననను. ఐరోపాలోను అమెరికాలోను చందాలు పోగై నిరాశ్రయులకు తిండీ బట్టా అందినాయి. అక్టోబరు నుంచి బీరూట్‌లో అయిదు రాజ్యాల కమిషన్ కూర్చుంది. అందులో ఇంగ్లండు తరఫున ఉన్న లార్డ్ డఫరిన్ తర్వాత 1884లో మన దేశానికి వైస్రాయిగా వచ్చారు. 1861లో లెబనాన్ కొండకు క్రైస్తవ గవర్నరూ, అన్ని మతశాఖలకూ చోటున్న సభా ఏర్పడినాయి. ఆ ఏర్పాటు మొదటి ప్రపంచయుద్ధం దాకా నిలిచింది. ఇళ్ళు కాలినవారికి నష్టపరిహారం మాత్రం బేరాలలో నలిగి, కోతలతో, ఆలస్యంగా వచ్చింది. చాలామంది దమిష్క్ వదిలి బీరూట్ వెళ్ళిపోయారు.

అమీర్‌కు ఫ్రాన్స్ తన గొప్ప బిరుదు ఇచ్చింది. అమెరికా అధ్యక్షుడు లింకన్ ఒక జత పిస్తోళ్ళు పంపారు. రష్యాలో బందీగా ఉన్న కాకసస్ వీరుడు ఇమామ్ షామిల్ మెచ్చుకుంటూ ఉత్తరం వ్రాశారు. షరియత్తూ మానవత్వమూ చెప్పిన పనే చేశానని అమీర్ జవాబు.

1883 మే నెలలో ఆయన దమిష్క్‌లోనే కన్నుమూశారు. ఇబ్న్ అరబీ సమాధి పక్కన ఖననం చేశారు. స్వతంత్రం వచ్చిన నాలుగేళ్ళకు, 1966లో, అల్జీరియా ప్రభుత్వం ఆయన అవశేషాలను స్వదేశానికి తెప్పించుకుంది.