ఆగ్నెస్ పోకెల్స్

నీటిపై బడిన నూనెచుక్క పలుచని పొరయై వ్యాపించుట యెల్ల రెఱిగినదే. అట్టి పొరల స్వభావమును వంటయింట నుండియే కొలిచి చూపిన విదుషి ఆగ్నెస్ పోకెల్స్.

ఈమె 1862 ఫిబ్రవరి 14వ తేదీన వెనిసు నగరమున జన్మించెను. తండ్రి ఆస్ట్రియా సైన్యమున నుద్యోగి. మలేరియాచే నారోగ్యము చెడగా, ఆయన 1871లో కుటుంబముతో జర్మనీలోని బ్రన్‌స్విక్ పట్టణము చేరెను. ఆగ్నెస్ అచ్చటి బాలికల పాఠశాలలో చదివెను. ప్రకృతిశాస్త్రమున ఆమెకు మిక్కిలి యభిరుచి. కాని యా దినములలో నచ్చట స్త్రీలకు విశ్వవిద్యాలయ ప్రవేశము లేకుండెను. రోగపీడితులగు తల్లిదండ్రుల పరిచర్యయు, గృహకృత్యములును ఆమెపై బడెను. తమ్ముడు ఫ్రెడరిక్ గెట్టింగెన్‌లో భౌతికశాస్త్రము చదువుచు గ్రంథములు సమకూర్చి పెట్టుచుండెను.

సుమా రిరువదియేండ్ల ప్రాయమున ఆమె 70 సెంటీమీటర్ల పొడవుగల తగరపు తొట్టిని నీటితో నింపి, దానిపై నడ్డముగా నొక తగరపు బద్దను పెట్టెను. బద్దను జరిపినచో నీటిపై నున్న జిడ్డుపొర కుంచించుకొనును, లేదా విరియును. త్రాసున వ్రేలాడదీసిన చిన్న బిళ్లను నీటినుండి లాగుటకు వలయు బలమునుబట్టి తలతన్యతను కొలిచెను. పొర విశాలముగా నున్నంతవఱకు తలతన్యత మాఱదు. కుంచించుచు నొక హద్దు చేరినంతనే తటాలున తగ్గును. అచ్చట నణువు లొండొంటి నొరసికొని యొక్క వరుసగా నిలుచునని పిమ్మట తేలినది.

దాదాపు పదియేండ్లు ఈ కృషి లోకమున కజ్ఞాతమై యుండెను. 1891 జనవరిలో ఆమె యింగ్లండున నదే విషయమును శోధించుచున్న రేలీ ప్రభువునకు జర్మను భాషలో లేఖ వ్రాసెను. ఆయన భార్య దానిని ఆంగ్లీకరించెను. అపరిచితురాలి పని యని యుపేక్షింపక, రేలీ దానిని నేచర్ పత్రికకు బంపగా మార్చి 12వ తేదీన ప్రకటితమయ్యెను.

ఆ తొట్టినే సంస్కరించి లాంగ్మ్యూర్ 1917లో అణువుల పొరలను పరిశోధించెను. 1932లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆయన సహచరి కాథరిన్ బ్లాడ్జెట్ గాజుపలకను నీట ముంచి యెత్తుచు, పొరలను వరుసగా దానిపై కెక్కించెను. నేడు శాస్త్రజ్ఞులు జీవకణపు పొరలను బోలిన లిపిడు పొరలను గాజు, అభ్రకములపై పఱచి పరీక్షించుచున్నారు. నేయి చలికి పేరుకొని వేడికి కరగునట్లే యివియు మాఱును. మన యూపిరితిత్తులలో విశేషముగా నుండు డీపీపీసీ యను లిపిడు పొరలో, సుమారు 41 డిగ్రీల సెంటీగ్రేడుకు దిగువ నణువుల తోకలు నిటారుగా నిలుచును. ఆపైన నవి వంకరలు దిరుగగా పొర పలుచనై విరియును. అడుగు పలక పట్టుచే నా యుష్ణోగ్రత కొంత మాఱుటయు గలదు.

ఆగ్నెస్‌కు 1932లో బ్రన్‌స్విక్ సాంకేతిక విద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. అప్పటి కామెకు డెబ్బదియేండ్లు. 1935 నవంబరు 21న ఆ పట్టణముననే ఆమె పరమపదించెను. విద్యాలయపు ద్వారము మూసియున్నను, చేతనున్న తగరపు తొట్టితో నామె సత్యమును శోధించెను. విద్యార్థులారా, సాధనములు కొఱవడె నని చింతించువేళ ఈమెను దలంపుడు.