అనంతమునకు విలువ కట్టిన ఆచార్యుడు

హైదరాబాదు ఉస్మాన్‌గంజ్‌లోని టోకు వర్తకుడు తన చిఠ్ఠాను పైనుండి కూడినను, క్రిందినుండి కూడినను మొత్తమొక్కటే. అంకెలకు అంతు లేనపుడు మాత్రము ఈ నమ్మకము చెల్లదు. వరుస మార్చిన మొత్తము మారవచ్చును. అసలు మొత్తమే లేకపోవచ్చును. భౌతికశాస్త్రజ్ఞులకు ఇట్టి లెక్కలతోనే నిత్యము పని. వానికి అర్థము కల్పించు సాధనమొకటి వాల్తేరు ఆచార్యుని చలవ.

సుబ్బరామయ్య మీనాక్షిసుందరము గారు 1913లో, నాటి కొచ్చిన్ సంస్థానములోని త్రిచూరులో జన్మించిరి. మద్రాసు లయోలా కళాశాలలో చదివి, కె. ఆనందరావు గారి యొద్ద పరిశోధన సాగించిరి. పిమ్మట వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు అధ్యాపకులైరి. మొత్తము తేలని శ్రేణులకు మొత్తము నిర్ణయించు పద్ధతులు వారి అభిమాన విషయము. చంద్రశేఖరన్ గారితో కలిసి దానిపై వ్రాసిన గ్రంథము 1952లో వెలువడినది.

అంతకుముందు, 1946లో, వారు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌కు వెళ్లిరి. అచ్చట స్వీడను దేశీయుడైన ప్లేయెల్‌తో స్నేహము కలిసినది. 1949లో ఇరువురి పేరిట ఒక వ్యాసము ప్రకటింపబడెను.

మృదంగపు చర్మమునకు సహజ నాదములున్నట్లే, గోళము వంటి వక్రతలమునకును తనవైన సంఖ్యలు గలవు. వానికి అంతు లేదు. సున్నా కాని ఆ సంఖ్యల విలోమములను ఒక ఘాతమునకు హెచ్చించి వారు కూడిరి. ఘాతము పెద్దదైనచో మొత్తము నిలుచును, చిన్నదైనచో చెడును. చెడినచోటను ఆ ప్రమేయమును ఒకే ఒక తీరున విస్తరింపవచ్చుననియు, సున్నా యొద్ద దానికి నిశ్చితమైన విలువ గలదనియు నిరూపించిరి.

1948లో ఫైన్‌మన్ ప్రకటించిన సమాకలనములో కణము పోదగిన దారులన్నిటిని కూడవలయును. సరళ సందర్భములందు ఆ సమాకలనము పై చెప్పినవంటి సంఖ్యలన్నిటి లబ్ధముపై ఆధారపడును. లబ్ధమో, అనంతము! 1977లో హాకింగ్ వక్ర దేశకాలములోని ఈ చిక్కును విప్పుటకు అట్టి ప్రమేయమునే ఆశ్రయించెను. సున్నా యొద్ద ఆ ప్రమేయపు వాలునుబట్టి లబ్ధమునకు విలువ కట్టవచ్చును. దీనితో ఫైన్‌మన్ సమాకలనమునకు గల గణిత సందేహములన్నియు తీరలేదు. కాని ఈ ఒక్క మెట్టు గట్టిపడెను.

మీనాక్షిసుందరము గారు 1968లో, ఏబదియైదవ యేట, అస్తమించిరి. భౌతికశాస్త్రజ్ఞులు వచ్చి తలుపు తట్టునాటికి ఇంటి యజమాని లేడు. సాధనము మాత్రము పదునారక సిద్ధముగనుండెను.