హక్ గొంతు, ట్వేన్ తీర్పు

మార్క్ ట్వేన్ అసలు పేరు శామ్యూల్ క్లెమెన్స్. 1835లో అమెరికాలోని మిస్సోరీలో పుట్టారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. బడి మాని అచ్చుకూటంలో అక్షరాలు పేర్చారు, తర్వాత మిసిసిపీ నదిలో ఆవిరి పడవలు నడిపారు. పన్నెండడుగుల లోతుందని పడవవాళ్లు వేసే కేకే ఆయన కలంపేరు.

తండ్రి బానిసల యజమాని. అది తప్పని చిన్నప్పుడు ఆయనకు చెప్పినవాళ్లు లేరు. 'హకల్‌బెరీ ఫిన్' చదివేటప్పుడు మనం ఇది గుర్తుంచుకోవాలి. పారిపోతున్న బానిస జిమ్‌ను పట్టివ్వకపోతే నరకానికి పోతానని హక్ నిజంగానే నమ్ముతాడు. అయినా పట్టివ్వడు. ఆ మాట చెప్పే కుర్రాడి గొంతులో వెటకారం లేదు, అమాయకత్వమే ఉంది. వెటకారం రచయితది. పరీక్షలో టోన్ అడిగితే మనం థీమ్ రాసేది ఇక్కడే. గొంతు కుర్రాడిది, బానిసత్వాన్ని ధర్మంగా నేర్పిన సమాజంపై తీర్పు ట్వేన్‌ది.

కథంతా హక్ యాసలోనే నడుస్తుంది. 1885లో కాంకర్డ్ గ్రంథాలయం పుస్తకాన్ని మొరటుదని తీసేసింది. ఇంటి మాట ఒకటి, ఊరి మాట ఒకటైన మనకు ఆ నింద కొత్త కాదు.

1894లో ఆయన దివాలా తీశారు. అప్పులు తీర్చడానికి దేశదేశాల ఉపన్యాసాలిస్తూ 1896లో మన దేశానికీ వచ్చారు. 1898కల్లా బాకీలన్నీ తీర్చేశారు. 1910లో కన్నుమూశారు.