కలియుగ భీముడు కోడి రామమూర్తి నాయుడు

మన ప్రాంతంలో బలిష్ఠుడైన పిల్లవాడు కనబడితే, వీడు కోడి రామమూర్తి అవుతాడని పెద్దలు నేటికీ అంటుంటారు. ఆ పేరు విన్న విద్యార్థులు పలువురు. ఆ జీవితం ఎరిగినవారు కొద్దిమంది. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆ పేరు పెట్టినారన్నంత వరకే చాలమందికి తెలుసు. ఆ కొరత కొంతైనా తీర్చవలెనని ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

రామమూర్తి నాయుడు 1882లో వీరఘట్టంలో జన్మించినారు. అది నాడు విశాఖపట్టణం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినపుడు మనలో కలిసి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకు చేరినది. జిల్లాల హద్దులు మారినా ఆయన మనవాడే. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి పసితనంలోనే గతించినది. చదువు మీద శ్రద్ధ లేక, కసరత్తు మీదనే మనసు పెట్టిన బాలుణ్ణి తండ్రి విజయనగరంలోని తమ్ముని ఇంటికి పంపినాడు. చదువు చక్కబడవలెనని పంపగా, అక్కడ ఆయనకు వ్యాయామశాల దొరికినది.

ఇక్కడ ఒక్క మాట. మన పల్లెలలో వ్యాయామశాలను తాలింఖానా అంటారు. అక్కడ నేర్పే గురువు వస్తాదు. నేర్చి ఆరితేరినవాడు పహిల్వాను. వారు పట్టేది కుస్తీ. ఉర్దూ తరగతిలోని మన విద్యార్థులకు ఈ మాటల పుట్టుక విప్పి చెప్పనక్కరలేదు. తాలీము, ఉస్తాదు అన్న పదాలే తెలుగువారి నోట ఈ రూపం దాల్చినవి. వీటి పక్కనే సాము, గరిడీ, మల్లయుద్ధం అన్న మాటలూ నిలిచి ఉన్నవి. గోదాలోని మట్టి ఒంటికి పూసుకొన్న తరువాత ఎవరు ఏ ఇంటివారో గుర్తు పట్టడం కష్టం. రామమూర్తి నాయుడు పెరిగిన లోకం అటువంటిది.

మద్రాసులో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరం పాఠశాలలోనే ఆయన వ్యాయామోపాధ్యాయులైనారు. తల్లిదండ్రులు తక్కువగా చూచే ఆ ఉద్యోగమే ఆయనకు తొలిమెట్టు. తరువాత పొట్టి పంతులుగారను మిత్రుని తోడ్పాటుతో సర్కసు సంఘాన్ని స్థాపించి దేశమంతట తిరిగినారు. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకొని, ఊపిరి పూరించి దానిని తెంపేవారు. ఇరువైపుల కార్లను గొలుసులతో పట్టి కదలనిచ్చేవారు కారు. రొమ్ముపై పలక పరపించుకొని ఏనుగును నడిపించుకొనేవారు. పలక వలన బరువు ఒక్కచోట పడక పరచుకొంటుందన్న మాట నిజమే. కాని రెండు మూడు టన్నుల జంతువు పైన నిలిచినపుడు ఊపిరి సడలితే ప్రక్కటెముకలు నిలువవు. ఆ పట్టు ప్రాణాయామం వలన, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా బరువు పెంచిన సాధన వలన వచ్చినది. ఆయన శాకాహారి అన్నది కూడ గమనింపదగినది.

ఆ కాలాన్ని తలచుకొంటే ఈ ప్రదర్శనల విలువ తెలుస్తుంది. భారతీయులు బలహీనులని పాలకులు తలచే రోజులవి. 1910లో గామా పహిల్వాను లండను వెళ్ళగా, పొట్టివాడని పోటీలలో చేర్చుకొనలేదు. ఆయన బహిరంగంగా సవాలు విసిరి, అమెరికా మల్లుడు రోలరును పడగొట్టినాడు. సెప్టెంబరు 10న పోలండు మల్లుడు జ్బిస్కోతో రెండున్నర గంటలకు పైగా సాగిన పోరు తేలలేదు. వారం తరువాత రావలసిన జ్బిస్కో గోదాకు రానేలేదు. జాన్‌బుల్ బెల్టు గామాకు దక్కినది. పంజాబులో గామా, ఆంధ్రంలో రామమూర్తి ఒకే తరంవారు, ఒకే నిందకు బదులు చెప్పినవారు. రామమూర్తి నాయుడు కూడ ఇంగ్లండు వెళ్ళి, ఐదవ జార్జి చక్రవర్తి మెప్పు పొంది, ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకొన్నారని ప్రసిద్ధి. మనవారు ఆయనను కలియుగ భీముడన్నారు.

కలకత్తాలో ఆయన విద్య చూచి ముగ్ధుడైన భవేంద్రమోహన్ సాహా అను యువకుడు ఇల్లు విడిచి సర్కసులో చేరి, తరువాత భీమ భవానిగా పేరుపొందినాడు. జావాలో ఒక డచ్చి మల్లుడు రామమూర్తికి సవాలు విసరగా, గురువుకు బదులు ఈ శిష్యుడే గోదాలోకి దిగి గెలిచినాడని బెంగాలువారు చెప్పుకొంటారు. గురువు పరువు శిష్యుని భుజం మీద నిలిచిన ఘట్టమది. తెలుగు వస్తాదు విద్య వంగదేశంలో వేరూనినది.

ఇంతటి దేహానికీ గడ్డురోజులు వచ్చినవి. కాలికి తగిలిన గాయం ముదిరి, కాలే తీసివేయవలసి వచ్చినది. ఆ శస్త్రచికిత్సకు మత్తుమందు వద్దని, ఊపిరి బిగబట్టి ఓర్చుకొన్నారని చెబుతారు. సంపాదనలో అధికభాగం దానధర్మాలకు వెళ్ళినందున చివరి రోజులలో చేతిలో మిగిలినది స్వల్పం. పశ్చిమ ఒడిశాలో సంస్థానాధీశుల ఆదరణలో కాలం గడిపి 1942 జనవరిలో కన్నుమూసినారు. రెండు కార్లను ఆపినవాడు ఒంటికాలితో నిలువవలసి వచ్చినది. కండబలమే ఆయన సర్వస్వమై ఉంటే ఆ రోజుతో అంతా ముగిసి ఉండేది. మిగిలినది ఓర్పు, దానం, శిష్యులకిచ్చిన విద్య. ఏనుగును మోసిన దినాలకంటె ఈ దినాలనే మేము గొప్పవిగా ఎంచుతాము.

ఆ వారసత్వం తెగిపోలేదు. ఆమదాలవలస చేరువలోని ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళ అయినది. అందుచేత మా విద్యార్థినులు ఈ వ్యాసం తమది కాదనుకొనరాదు.

ఉద్దానం కొబ్బరితోటల నడుమ నుండి సోంపేటకు చదువుకొన వచ్చే మన పిల్లలకు పుస్తకభారం బాగా తెలుసు. సాయంత్రం ఒక గంట మైదానానికి వెళ్ళేవారు మాత్రం తగ్గిపోతున్నారు. వ్యాయామోపాధ్యాయుని గంటను ఖాళీ గంటగా భావించి మేమే కొన్నిసార్లు పాఠాలకు తీసుకొన్నాము. ఈ జీవితం చదివిన పిమ్మట అందుకు సిగ్గుపడుతున్నాము. కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే. గ్రంథాలయానికి పక్కన ఒక చిన్న గోదాకు చోటు చూపండి. కావలసినది నాలుగు బండ్ల మెత్తని మన్ను, ఓపిక గల ఒక వస్తాదు.