కె.ఎల్. రావు గారు – మా సీమ కరెంటు

ఈ సావనీరుకు ఒక పెద్దమనిషి జీవితం రాసిమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, సీమవాణ్ణి గనక సీమ నాయకుణ్ణే ఎన్నుకుంటాననుకొని ఉంటారు. నేను కృష్ణాజిల్లా ఆయన్ను ఎన్నుకున్నాను. కారణం కరెంటు.

డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారు 1902లో కంకిపాడులో పుట్టారు. బడి రోజుల్లోనే ఆటలో ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితోనే ఇంజనీరింగు చదివి, 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు తీసుకున్నారు. మద్రాసు ప్రభుత్వంలో పోలవరం దగ్గరి రామపాదసాగరానికి డిజైన్లు వేశారు. అది కాగితాల మీదే ఆగిపోయింది. 1950లో ఢిల్లీ వెళ్లి కేంద్ర జల విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టరయ్యారు. తర్వాత విజయవాడ నుంచి పార్లమెంటుకు గెలిచారు. 1963లో నీటిపారుదల, విద్యుత్ శాఖ చేతికొచ్చింది. పదేళ్లు అదే శాఖ! మంత్రులు ఏడాదికొక కుర్చీ మారే దేశంలో ఇదొక వింతే.

ఆయన్ను అందరూ ఆనకట్టల మనిషిగానే చెప్పుకుంటారు. నా లెక్కలో అది సగమే. ఒక్కో రాష్ట్రం తన కరెంటు తనదే అని కూర్చోకుండా, తీగలు కలుపుకొని ఇచ్చిపుచ్చుకోవాలని 1964లో ప్రాంతీయ విద్యుత్ బోర్డులు ఏర్పడ్డది ఆయన హయాంలోనే. పల్లెలకు కరెంటు లైన్లు వేసేందుకు రాష్ట్ర బోర్డులకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ 1969లో వచ్చింది. మెట్టపొలంలో కపిల తోలిన రైతుకు మోటారు స్విచ్చి అంటే ఏమిటో కడపజిల్లా వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక శ్రీశైలం. 1963 జులై 24న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. మొదట అది ఒట్టి కరెంటు ప్రాజెక్టే. 1982లో మొదటి యూనిట్ తిరిగింది. కుడిగట్టున 110 మెగావాట్లవి ఏడు యూనిట్లు. దానికోసం కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాదాపు వంద ఊళ్లు మునిగాయి. సంగమేశ్వరం గుడి నీళ్లు తగ్గినప్పుడే బయటపడుతుంది. ఊళ్లిచ్చిన సీమకు నీళ్ల మాట తర్వాత గాని రాలేదు. తెలుగుగంగ 1983లో మొదలైంది. నిండితే 885 అడుగులుండే జలాశయం 854కు దిగితే పోతిరెడ్డిపాడు దగ్గర మా కాలువకు నీళ్లు సరిగా ఎక్కవు. కిందికి వదిలి కరెంటు తీయాలా, పైన నిలిపి పొలానికివ్వాలా? ఈ తగవు ఆ పునాదిలోనే ఉంది. రావు గారి మీద నాకెంత గౌరవమున్నా ఈ మాట దాచలేను.

ఆయనకూ ఈ ముడి తెలియంది కాదు. 1972లో గంగా–కావేరీ కలుపుదామన్నారు. పాట్నా దగ్గర మొదలై, మన పెన్నను కూడా తాకుతూ 2,640 కిలోమీటర్లు. అంత నీటిని ఎత్తిపోయడానికి 5 వేల నుంచి 7 వేల మెగావాట్లు కావాలని లెక్క తేలింది. అప్పట్లో దేశం మొత్తం సామర్థ్యమే సుమారు 16 వేలు. ఆ లెక్క దగ్గరే పథకం ఆగింది.

1986 మే 18న రావు గారు కన్నుమూశారు. పులిచింతలకు ఆయన పేరు పెట్టారు. శ్రీశైలానికి మాత్రం మా సీమ మనిషి నీలం సంజీవరెడ్డి గారి పేరుంది.