సవర పిల్లల కోసం పుస్తకాలు రాసిన పంతులుగారు – గిడుగు రామమూర్తి

ఏటా ఆగస్టు 29న మన ఆశ్రమ పాఠశాలల్లో, కళాశాలల్లో తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. తలపాగా కట్టుకున్న ఒక పెద్దాయన పటానికి దండ వేస్తారు. వాడుక భాష కోసం పోరాడిన మహనీయుడని ఉపన్యాసాలు ఇస్తారు. ఆ ఉపన్యాసాల్లో చివరికి ఎక్కడో ఒక వాక్యం వస్తుంది, సవరలకు కూడా సేవ చేశారని. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఆ ఒక్క వాక్యం వెనుక దాదాపు నలభై ఏళ్ళ పని ఉంది. మన సంచికలో ఆ పని గురించే చెప్పుకుందాం.

గిడుగు వేంకట రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో పుట్టారు. ఇది వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర ఉన్న ఊరు. తండ్రి వీర్రాజు గారు, తల్లి వెంకమ్మ గారు. ముఖలింగంలో స్వామి పేరు మధుకేశ్వరుడు. మధుక అంటే మన ఇప్పచెట్టే. ఇప్పచెట్టులో స్వామి వెలిశాడని, ఆ కథలో ఒక సవర నాయకుడు ఉన్నాడని అక్కడి స్థలపురాణం చెబుతుంది. పెద్ద పెద్ద గుళ్ళ పుట్టుక కథల్లో మనవాళ్ళు ఉంటారు, గుడి కట్టాక కనిపించరు. సరే, అది వేరే వ్యాసానికి విషయం.

తండ్రి రెవెన్యూ ఉద్యోగి. 1875లో జ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తి గారికి పన్నెండేళ్ళు. విజయనగరంలో బంధువుల ఇంట్లో ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ అయింది. పై చదువుకు డబ్బు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు ముప్పై రూపాయలు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా పరీక్షలు రాసి బి.ఏ. పూర్తిచేశారు. ముఖలింగం గుడి గోడల మీది శాసనాలు చదవడం ఎవరి సాయం లేకుండా నేర్చుకున్నారు. ఎవరూ నేర్పనిదాన్ని తనంతట తాను నేర్చుకునే అలవాటు ఆయనకు అలా వచ్చింది. తర్వాత మన కొండలకు పనికొచ్చింది ఆ అలవాటే.

అరకు నుంచి ఈశాన్యంగా ఇవే తూర్పు కనుమల వెంట పోతే పార్వతీపురం, సీతంపేట కొండలు వస్తాయి. వాటికి ఆవల మహేంద్రతనయ నది ఒడ్డున పర్లాకిమిడి ఉంది. ఇప్పుడు ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో జమీందారీ పట్నం. చుట్టూ కొండల మీద సవరలు. వాళ్ళు సంతకు దిగివచ్చేవారు, కచేరీకి వచ్చేవారు. వాళ్ళ మాట పట్నంలో అధికారికి అర్థం కాదు, వాళ్ళకు తెలుగు, ఒరియా అంతగా రావు. మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. ధర చెప్పేది, బాకీ లెక్క చెప్పేది, తగవులో సాక్ష్యం చెప్పేది అతనే. అతను ఎంత చెబితే అంత. ఈ బాధ మన తాతలకు బాగా తెలుసు. మన సంతల్లో ఇప్పటికీ కొంత ఉంది.

పట్నంలో ఉండే చాలామంది ఈ దృశ్యం రోజూ చూసేవారు. పంతులుగారు చూసి ఊరుకోలేదు, సవర నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి సవరకు లిపి లేదు, చెప్పుకోదగ్గ నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తన ఇంట్లోనే ఉంచుకుని, అతని నోటి నుంచి ఒక్కొక్క మాట విని రాసుకున్నారు. సెలవులు వస్తే కొండలెక్కి సవర ఊళ్ళకు వెళ్ళేవారు. పాటలు, కథలు, సామెతలు వింటూ రాసుకునేవారు.

అది ఎంత కష్టమైన పనో కొంచెం వివరంగా చెప్పాలి. సవర తెలుగుకు చుట్టం కాదు. కోయ, కువి, కొండ భాషలు తెలుగులాగే ద్రావిడ భాషలు. సవర ముండా కుటుంబానికి చెందినది. మన అరకు వైపు గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ దీనికి దగ్గర చుట్టం. మాట మధ్యలో గొంతు టక్కున ఆపి పలికే ధ్వని సవరలో ఉంది. దానికి తెలుగులో అక్షరమే లేదు. తెలుగులో మూడు నాలుగు మాటలుగా చెప్పేదాన్ని సవరలో ఒకే క్రియలో ఇమిడ్చి చెప్పవచ్చు. లెక్క కూడా వేరు. పన్నెండు దాకా ఒక వరస, ఆ తర్వాత పదమూడు అంటే పన్నెండు మీద ఒకటి, పంతొమ్మిది అంటే పన్నెండు మీద ఏడు. ఇరవై నుంచి ఇరవైల లెక్క. ముప్పైమూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. ఇంట్లో ఇలా లెక్కపెట్టే పిల్లవాడికి బడిలో పదుల లెక్క చెప్పి, రాకపోతే మొద్దు అని చెవి మెలిపెడితే తప్పెవరిది?

పంతులుగారు అడిగిన ప్రశ్న దాదాపు ఇదే. పిల్లవాడికి తెలియని భాషలో చదువు మొదలుపెడితే అది చదువు కాదని ఆయనకు అర్థమైంది. అందుకే సవర పిల్లల కోసం తెలుగు లిపిలో సవర వాచకాలు రాశారు. సవర పాటల పుస్తకం, కథలు, సవర–తెలుగు, తెలుగు–సవర నిఘంటువులు తయారుచేశారు. నిఘంటువు రెండు వైపులా చేయడం గమనించండి. సవర పిల్లవాడు తెలుగు నేర్చుకోవడానికి ఒకటి, బడి పంతులు సవర నేర్చుకోవడానికి ఇంకొకటి. నేర్చుకోవలసింది పిల్లలు మాత్రమే కాదని ఆయన లెక్క. మన ఏజెన్సీకి బదిలీ మీద వచ్చే ఉపాధ్యాయులలో ఆ రెండో పుస్తకం అవసరమైనవారు నేటికీ ఉన్నారు.

పుస్తకాలు రాయగానే పని అయిపోదు, చదివించే బడి కావాలి. సొంత డబ్బుతో సవర ఊళ్ళలో బడులు పెట్టి, ఉపాధ్యాయుల జీతాలు తానే ఇచ్చారు. సవర పిల్లలకు తన ఇంట్లో బస కల్పించారు. వందేళ్ళ కిందటి జమీందారీ పట్నంలో, ఒక బ్రాహ్మణ కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. ఈ పనికి మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమానం ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండి, నేను నడుపుతాను అనే అర్థం వచ్చేలా జవాబిచ్చారు. 1913లో రావు బహదూర్ బిరుదు, తర్వాత కాలంలో కైసర్-ఇ-హింద్ పతకం వచ్చాయి. బహుమానం వద్దన్న విషయమే నాకు వాటికన్నా పెద్దదిగా కనిపిస్తుంది.

కొండలు ఆయన దగ్గర ఒకటి తీసుకున్నాయి. మన్యంలో తిరిగి తిరిగి మలేరియా తగిలింది. అప్పుడు దానికి మందు క్వినైన్. ఆ మందు ఎక్కువై చెవులు దెబ్బతిన్నాయి, జీవితాంతం చెవుడు మిగిలింది. ధ్వనులు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి ఇంతకన్నా పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. కుమారుడు సీతాపతి గారు కూడా సవర నేర్చుకుని తండ్రి పనిలో చేయి వేశారు, సవర పాటలు సేకరించారు. తెలుగు పిల్లల కోసం పాటలు రాసిన సీతాపతి ఈయనే.

తెలుగు ఉద్యమం సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1906 ప్రాంతంలో పాఠశాలల ఇన్‌స్పెక్టర్ యేట్స్ దొరకు, పుస్తకాల్లోని తెలుగు, జనం మాట్లాడే తెలుగు ఎందుకు వేరుగా ఉన్నాయని సందేహం వచ్చింది. రామమూర్తి గారు, గురజాడ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిశారు. 1911లో ఉద్యోగం నుంచి విరమించాక రామమూర్తి గారు పూర్తిగా ఈ పోరాటంలో దిగారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. పండితులు ఆయన్ని తిట్టారు, ఎగతాళి చేశారు. కానీ వరస చూడండి. సవర పని ముందు, తెలుగు పని తర్వాత. ఇంట్లో మాటే బడిలో మాట కావాలన్న ఆలోచనను ఆయన మొదట ఆచరించి చూసింది సవర పిల్లల మధ్య. తెలుగువాళ్ళు ఈరోజు వార్తాపత్రిక హాయిగా చదువుకుంటున్నారంటే అందులో మన కొండలకు కొంత బాకీ ఉందని నా అభిప్రాయం. ఎవరూ ఈ మాట సభల్లో అనరు.

ముసలితనంలో ఆయన పెద్ద పుస్తకాలు వచ్చాయి. సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువు, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. చివరిది వచ్చేనాటికి ఆయనకు 75 ఏళ్ళు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అదే ఏడాది కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చింది. ముండా భాషల మీద పనిచేసే పండితులు ప్రపంచంలో ఎక్కడున్నా నేటికీ ఆ పుస్తకాలు తెరుస్తారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసింది. దాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. కలిసిపోయాక, యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. సవర కొండల మీదుగా ఒక గీత పడింది. ఒకే జాతి, ఒకే మాట, బడిలో మాత్రం ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఒరియా. అదే సంవత్సరం జూన్‌లో ఆ కొండల్లోనే మంగెయ్ గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపిని వెలువరించారు. అదే సొరంగ్ సోంపెంగ్. పంతులుగారు తెలుగు అక్షరాలతో, పండితుల కోసం రోమన్ అక్షరాలతో సవరను రాశారు. గొమాంగో మన అక్షరం మనకు ఉండాలన్నారు. ఏది మేలన్న వాదన మనలో ఇప్పటికీ నడుస్తోంది. పంతులుగారి పని గొప్పదే. అయినా బయటి నుంచి వచ్చిన గురువు ఎంత ప్రేమతో రాసినా, జాతి తనకు తాను రాసుకునేది వేరుగా ఉంటుంది. రెండూ కావాలని నాకనిపిస్తుంది.

రామమూర్తి గారు 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన కోరుకున్నట్టు ప్రతి సవర ఊరికీ సవర బడి రాలేదు. అప్పటి వాచకాలు చాలామంది సవరలే చూడలేదు. ఆయనకు సవర నేర్పిన ఆ మనిషి పేరు కూడా ఆయన జీవిత చరిత్రలు చెప్పేవారి నోట సాధారణంగా వినిపించదు. పంతులుగారికి పంతులు అతనే కదా. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలతో బోధన మొదలుపెట్టింది. సవర, కొండ, కువి, కోయ, ఆదివాసీ ఒరియా వాటిలో ఉన్నాయి. పంతులుగారు మొదలుపెట్టి వందేళ్ళకు అది మళ్ళీ కొత్త ఆలోచనగా వచ్చింది.

సొరంగ్ సోంపెంగ్ అక్షరాలకు 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. పంతులుగారి 1931 వ్యాకరణం, 1938 నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీలో సవర ఇంట్లో పుట్టినవారు ఆ నిఘంటువును ఫోన్‌లో దింపుకుని ఒక సాయంత్రం ఇంట్లో అవ్వ పక్కన కూర్చోండి. ఒక్కొక్క మాట చదివి వినిపించండి. ఆమె దిద్దేవి, అందులో లేవని చెప్పేవి ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి.